సగం దెబ్బ... పూర్తి లెక్క!

బంతిని మూడొందల గజాలు కొట్టడం గొప్పే. మరి ఇరవై గజాలే కొట్టాల్సి వస్తే? అక్కడే ఉంది అసలు చిక్కు. కంప్యూటర్ తెర మీద గోల్ఫ్ ఆడే ఓ రిటైర్డు సర్వేయరు ఆ ఇరవై గజాలతో పడిన తిప్పలివి.

గోలీలాడినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. దూరంగా ఉన్న గోలీని గురిచూసి ఠప్పున కొట్టడం ఒక విద్య. జానెడు దూరంలో ఉన్న గుంటలోకి మన గోలీని నెమ్మదిగా చేర్చడం ఇంకో విద్య. మొదటిదానికి వేలిని ఎంత వెనక్కి లాగగలిగితే అంత మేలు. రెండోదానికి ఎంత లాగాలో ఎవరూ చెప్పలేరు. కాస్త ఎక్కువైందా, గుంట దాటిపోతుంది. కాస్త తగ్గిందా, అంచు దగ్గరే ఆగి వెక్కిరిస్తుంది. క్యారమ్స్‌లోనూ అంతే. పాకెట్ ముందు నిలబడి ఉన్న రెడ్‌ని పడేయడానికి ఎంతమంది స్ట్రయికర్‌ని కూడా దాంతోపాటే పంపించలేదు!

గోల్ఫ్‌లో ఈ చిక్కుకో పేరుంది. అదే పిచ్ షాట్. గ్రీన్‌కి దగ్గరగా వచ్చాక బంతిని పైకి లేపి, జెండాకి దగ్గర్లో పడేసి, అట్టే దొర్లకుండా ఆపే పొట్టి దెబ్బ అది. చిప్ అని దీనికి తమ్ముడొకటుంది. చిప్‌లో బంతి గాలిలో తక్కువ, నేల మీద ఎక్కువ ప్రయాణిస్తుంది. పిచ్‌లో అందుకు తిరకాసు. ప్రొఫెషనల్ ఆటగాడు మొదటి దెబ్బకి బంతిని దాదాపు 300 గజాల దూరం పంపిస్తాడు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. తర్వాత ఇరవై గజాల పిచ్ కొడతాడు. దానికి చప్పట్లు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. స్కోరుకార్డులో మాత్రం రెండూ ఒకటే... ఒక్కో దెబ్బ!

మైదానంలోనే కాదు, కంప్యూటర్ ఆటలోనూ ఈ పొట్టి దెబ్బ మనిషిని వదలదు. అక్కడ గాలి తగలదు. చేతిలో కర్ర ఉండదు. గడ్డి వాసన రాదు. ఉండేదల్లా ఒక మీటరు, ఒక మౌసు. అయినా ఇరవై గజాలు ఇరవై గజాలే!

గొలుసు పట్టిన చెయ్యి

ఆయనది గుంటూరు జిల్లా. ముప్పై ఆరేళ్లు సర్వే శాఖలో పనిచేసి మండల సర్వేయరుగా రిటైరయ్యారు. కొడుకు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. వారానికోసారి ఫోను. 'ఏం నాన్నా, ఆరోగ్యం ఎలా ఉంది?' 'బాగానే ఉంది. మీరంతా ఎలా ఉన్నారు?' 'అంతా బాగానే ఉన్నాం.' అయిపోయింది! తర్వాత ఫోను అమ్మ చేతికి వెళ్లిపోయేది. అమ్మతో అరగంట, నాన్నతో అర నిమిషం. చాలా ఇళ్లలో ఇదే లెక్క.

ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు కొడుకు తన పాత ల్యాప్‌టాప్ నాన్నకిచ్చి, అందులో 'వరల్డ్ గోల్ఫ్ టూర్' అనే ఆట పెట్టాడు. పైసా కట్టక్కర్లేకుండా మొదలుపెట్టి, ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లతోనైనా ఆడుకోవచ్చు. ఈ ఆట గొప్పతనమేంటంటే ఇందులో మైదానాలు ఊహించి గీసినవి కావు. నిజమైన గోల్ఫ్ కోర్సుల్ని ఫొటోలు తీసి, కొలతలు తీసి, వాటినే తెర మీదికి తెచ్చారు. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్, న్యూయార్క్ దగ్గరి బెత్‌పేజ్ బ్లాక్... అన్నీ ఉన్నాయి.

గోల్ఫ్ అంటే ఆయనకి తెలిసింది చాలా తక్కువ. ఎప్పుడో గోల్కొండ చూడటానికి వెళ్లినప్పుడు నయాఖిలా వైపు పచ్చటి మైదానంలో ఎవరో కర్రలు పట్టుకుని నడవడం చూశారు. అంతే. కానీ తెర మీద ఓ మాట చూడగానే ఆయన కళ్లు మెరిశాయి. దూరాలన్నీ గజాల్లో ఉన్నాయి!

గజాలంటే ఆయనకి కొట్టినపిండి. మీటర్లొచ్చి ఎన్నేళ్లయినా మన ఇళ్ల స్థలాలు ఇంకా గజాల్లోనే అమ్ముడుపోతున్నాయి కదా. ఎకరానికి 4,840 చదరపు గజాలు. సెంటుకి 48.4. సర్వేయర్ల పాత గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అంటే 22 గజాలు. క్రికెట్ పిచ్ పొడవూ సరిగ్గా అంతే. గొలుసు పట్టి చేలగట్ల వెంట తిరిగిన మనిషికి ఇరవై గజాలంటే కళ్లు మూసుకుని చెప్పగల దూరం. 'ఇదేం ఆటరా, నా ఉద్యోగమే కదా!' అనుకున్నారు.

మొదటి నెలలోనే ఆ భ్రమ పోయింది. పెద్ద దెబ్బలు బాగానే పడుతున్నాయి. మీటరు చివరిదాకా వెళ్లనిచ్చి వదిలితే చాలు. గ్రీన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంతా అయోమయం. ఇరవై గజాలు కొట్టాల్సిన బంతి ముప్పై నాలుగు గజాలు వెళ్లి అవతలి ఇసుక గుంటలో పడేది. వెనక్కి కొడితే పన్నెండే వెళ్లేది. మూడు దెబ్బల్లో పూర్తి కావాల్సిన చోట ఆరు, ఏడు. అటు కొడుకు నవ్వు ఆపుకోవడం ఫోన్లో వినిపించేది.

మీటరు చెప్పే నిజం... దాచే నిజం

ఈ ఆటలో దెబ్బ కొట్టే పద్ధతి ఇదీ. మౌసు నొక్కి పట్టుకుంటే మీటరులో గీత ముందుకు కదులుతుంది. కావాల్సినంత బలం రాగానే వదలాలి. గీత వెనక్కి తిరిగి వస్తుంది. అది మధ్య గుర్తు దగ్గరికి చేరగానే మళ్లీ నొక్కాలి. మొదటిది బలం, రెండోది గురి. రెండో నొక్కుడు ముందైనా, వెనకైనా బంతి పక్కకు పోతుంది.

మీటరు నిండా వెళితే ఆ క్లబ్బుతో వెళ్లగల పూర్తి దూరం. సగం దగ్గర వదిలితే సుమారుగా సగం దూరం. వినడానికి ఇంత సులువైన లెక్క లేదు. మరి చిక్కెక్కడ?

పూర్తి బలం ఒక్కటే. సగం బలాలు మాత్రం వంద! నూటికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు... అన్నీ వేరు వేరు దెబ్బలు. నిండుగా కొట్టేటప్పుడు మీటరు చివర గోడలా నిలబడి కాపాడుతుంది. సగం దెబ్బకి అలాంటి గోడ లేదు. ఎక్కడ ఆగాలో ఆడేవాడే నిర్ణయించుకోవాలి.

సర్వేయరు గారికి ఇది అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమైన రోజున ఓ పొడుగు నోట్‌బుక్కు కొనుక్కొచ్చారు. స్కేలు పెట్టి గడులు గీశారు. ఏ క్లబ్బు, మీటరు ఎంత, బంతి ఎక్కడ పడింది, ఎక్కడ ఆగింది. ప్రాక్టీసు రౌండు పెట్టుకుని ఒక్కో కొలతకి పదేసి సార్లు కొట్టడం, పది దూరాలూ రాయడం, సగటు తీయడం. పొద్దున్నే కాఫీ తాగి కూర్చుంటే ఇడ్లీలు చల్లారిపోయేవి. 'ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల పొలాలు కొలిచారు. ఇప్పుడు ఎవరి పొలం కొలుస్తున్నారండీ?' అని ఆవిడ వంటింట్లోంచే విసురు.

నోట్‌బుక్కు నిండేకొద్దీ ఓ విషయం బయటపడింది. ఉదాహరణకి, నిండుగా కొడితే 80 గజాలు వెళ్లే దెబ్బ ఒకటి ఉందనుకుందాం. దాంతో ఇరవై గజాలు కొట్టాలంటే మీటరు నూటికి పాతిక దగ్గర ఆపాలి. వేలు కాస్త తడబడి పాతికకి బదులు ముప్పై దగ్గర వదిలితే? బంతి 24 గజాలు పోతుంది. నాలుగు గజాల తేడా... అంటే పన్నెండు అడుగులు.

అదే వెడ్జ్‌ని ఫుల్ షాట్‌కి కాకుండా పిచ్‌కి మార్చుకుంటే దాని నిండు దూరం తగ్గిపోతుంది. అది 30 గజాలనుకుందాం. ఇప్పుడు ఇరవై గజాలకి మీటరు మూడింట రెండొంతులు, అంటే నూటికి 67 దగ్గర ఆపాలి. వేలు అంతే తడబడినా, అదే అయిదు భాగాలు ఎక్కువైనా, బంతి ఒకటిన్నర గజం మాత్రమే ఎక్కువ పోతుంది. నాలుగున్నర అడుగులు! వేలు అదే. తడబాటూ అదే. నష్టం మాత్రం సగం కంటే తక్కువ.

ఇంకో లాభమూ ఉంది. పాతిక దాకా గీత కనురెప్పపాటులో వచ్చేస్తుంది. చూసేలోపే దాటిపోతుంది. అరవై ఏడు దాకా రావడానికి కొంత వ్యవధి పడుతుంది. అరవై దాటిన కళ్లకి ఆ వ్యవధే కొండంత అండ.

సర్వేయరుకి ఇది కొత్త సంగతి కాదు. ఊరి మ్యాపు చూసి ఎవరూ ఇంటి ప్రహరీ హద్దు తేల్చరు. మ్యాపులో ఊరంతా కనిపిస్తుంది కానీ గట్టు కనిపించదు. గట్టు తగువు తేల్చాలంటే ఆ సర్వే నంబరు ఎఫ్.ఎమ్.బి. తీయాలి. చిన్న దూరానికి చిన్న స్కేలు... ముప్పై ఆరేళ్లు చేసిన పనే. తెర మీద గుర్తుపట్టడానికే ఇన్నాళ్లు పట్టింది.

పల్లం, గాలి, గడ్డి

అయితే నోట్‌బుక్కులోని అంకెలు చదునైన నేలకి, గాలి లేని రోజుకి. ఆటలో అలాంటి రోజులు తక్కువ. జెండా ఎన్ని అడుగులు ఎత్తులో ఉందో, ఎంత పల్లంలో ఉందో తెర మీద చూపిస్తుంది. పల్లంలో ఉంటే బంతి కిందికి దిగుతూ ఇంకాస్త ముందుకి వెళ్లి పడుతుంది. బంతి నలభై అయిదు డిగ్రీల వాలులో దిగుతోందనుకుంటే మూడడుగుల పల్లానికి మూడడుగులు, అంటే ఒక గజం కలుస్తుంది. ఎత్తులో ఉంటే అంతే తగ్గుతుంది. వాలు నేలని గొలుసుతో కొలిచేటప్పుడు మెట్లు మెట్లుగా అడ్డంగా పట్టి కొలవడం గుర్తొచ్చింది ఆయనకి. నేల మీద పడున్న పొడవు వేరు. హద్దులకి పనికొచ్చే దూరం వేరు.

బంతి గడ్డిలో ఇరుక్కుంటే ఎంత బలం పోతుందో కూడా ఆట శాతంలో చూపిస్తుంది. ఒక్క అంకె కాదు, ఇంతనుంచి ఇంతదాకా అని. అంటే అదృష్టానికీ కొంత వాటా ఉంచారన్నమాట.

బంతి పడ్డాక ఎంత దొర్లుతుందన్నది గ్రీన్ వేగాన్ని బట్టి ఉంటుంది. దానికీ ఓ కొలత ఉంది. 1935లో ఓక్‌మాంట్‌లో జరిగిన యు.ఎస్. ఓపెన్ చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే గోల్ఫరు, అక్కడి గ్రీన్లు మరీ జారుడుగా ఉన్నాయని నిరూపించాలనుకున్నారు. గాడి ఉన్న ఓ చెక్క పట్టీ తయారుచేశారు. దాన్ని ఓ వైపు ఎత్తితే ఎప్పుడూ ఒకే ఎత్తు నుంచి, ఒకే వేగంతో బంతి జారుతుంది. ఎన్ని అడుగులు దొర్లిందో అదే ఆ గ్రీన్ వేగం. ఆ స్టింప్‌మీటరు మెరుగుపడి ఇప్పుడు లోహపు పట్టీ అయింది. కంప్యూటర్ ఆటలోనూ గ్రీన్ వేగం అంటే ఆ కొలతే. 'మనిషంటే ఇలా ఉండాలి. జారుడుగా ఉందని అరవలేదు, కొలిచి చూపించాడు' అని సర్వేయరు గారు మురిసిపోయారు.

నాసా నుంచి గోల్ఫ్‌కి

ఇదంతా కంప్యూటర్ ముచ్చట, అసలు గోల్ఫ్‌లో ఇంత లెక్క ఉంటుందా అనుకుంటే పొరపాటే. డేవ్ పెల్జ్ అని ఒకాయన నాసాలో శాస్త్రవేత్తగా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి గోల్ఫ్ దెబ్బల మీద పరిశోధనకి దిగారు. ఆటగాళ్ల వెంట తిరిగి, కొలిచి, చివరికి పొట్టి దెబ్బలకి ఓ పద్ధతి చెప్పారు. చేతిని గడియారం ముల్లు అనుకోమన్నారు. ఏడున్నర దాకా, తొమ్మిది దాకా, పదిన్నర దాకా... మూడంటే మూడే ఊపులు. సంచిలో నాలుగు వెడ్జ్‌లు. మూడు నాలుగులు పన్నెండు. పన్నెండు ఖాయమైన దూరాలు చేతిలో ఉన్నట్టే. బలం ఎంత పెట్టాలో మనసుని అడగకుండా, చెయ్యి ఎక్కడిదాకా వెళ్లాలో ముందే తేల్చుకోవడమే ఇందులో కిటుకు. సర్వేయరు గారి నోట్‌బుక్కూ చేసింది అదే.

పొట్టి దెబ్బల విలువేంటో 2007 మాస్టర్స్‌లో జాక్ జాన్సన్ చూపించారు. అగస్టాలో అయిదు దెబ్బల హోల్స్ నాలుగు. నాలుగు రోజులకి పదహారు సార్లు ఆడాలి. బలమున్నవాళ్లంతా రెండు దెబ్బల్లోనే గ్రీన్ చేరాలని చూస్తే, ఆయన పదహారు సార్లూ రెండో దెబ్బని కావాలనే తగ్గించి, తనకి ఇష్టమైన దూరంలో ఆపారు. అక్కడినుంచి వెడ్జ్‌తో జెండా దగ్గరికి. ఆ పదహారు హోల్స్‌లో ఒక్క దెబ్బా నష్టపోకుండా పదకొండు దెబ్బలు మిగిల్చుకున్నారు. టైటిల్ గెలిచారు!

బంతి జెండాకి ఎంత దగ్గర ఆగిందన్నది ఎందుకింత ముఖ్యమంటే... మూడడుగుల పట్‌ని ప్రొఫెషనల్స్ దాదాపు తప్పరు. ఎనిమిది అడుగులైతే సగం సార్లే వేయగలరు. ఇరవై అడుగులకి వెళ్లేసరికి ఏడింటికి ఒకటి పడితే గొప్ప. పిచ్ షాట్‌లో నాలుగు గజాల తేడా అంటే ఏం పోతోందో ఈ లెక్కే చెబుతుంది.

తప్పుడు కొలత

నోట్‌బుక్కు పుణ్యమా అని సర్వేయరు గారి ఆట కుదుటపడింది. ఆదివారం పొద్దున ఏడింటికి ఈయన, డాలస్‌లో శనివారం రాత్రి వాడు. చెవుల్లో ఫోను, ఎదురుగా తెర. గెలుపులూ మొదలయ్యాయి. ఒకటి, రెండు, నాలుగు... ఆవిడ పక్కింటివాళ్లతో కూడా చెప్పుకుంది.

ఆయనకి మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంది. అలవాటు కొద్దీ కొడుకు కొట్టే పిచ్‌లని కూడా నోట్‌బుక్కు వెనక పేజీల్లో రాస్తూ వచ్చారు. ఎంత దూరం ఉంది, ఎంత కొట్టాడు. ఓ రోజు మధ్యాహ్నం ఆ పేజీలు ముందేసుకుని కూర్చున్నారు. మామూలుగా కొడుకు తేడా రెండు గజాల లోపే. ఓసారి ముందుకి, ఓసారి వెనక్కి. కానీ నాన్న రెండు హోల్స్ వెనకబడినప్పుడల్లా ఆ తేడా అయిదారు గజాలయ్యేది. అదీ ఎప్పుడూ తక్కువే. ఒక్కసారీ ఎక్కువ లేదు.

కొలతల్లో తప్పులు రెండు రకాలని సర్వే శాఖలో మొదట్లోనే నేర్పుతారు. చెయ్యి తడబడి వచ్చే తప్పు అటూ ఇటూ పడుతుంది. పదిసార్లు కొలిస్తే సర్దుకుపోతుంది. గొలుసు సాగిపోయి వచ్చే తప్పు అలా కాదు. సాగిన గొలుసు ప్రతిసారీ అసలు దూరం కంటే తక్కువే చూపిస్తుంది. వందసార్లు కొలిచినా సర్దుకోదు. తప్పు ఎప్పుడూ ఒకవైపే ఉంటే అనుమానించాల్సింది చేతిని కాదు, గొలుసుని.

తర్వాతి ఆదివారం ఆట సగంలో అడిగేశారు.

'ఒరేయ్, ఇందాక ఆ పిచ్ ఎందుకు తగ్గించావు?'

'తగ్గించలేదు నాన్నా. చెయ్యి జారింది.'

'జారితే ఎప్పుడైనా ముందుకీ జారాలి కదా? ఇరవై మూడుసార్లు జారింది. ఇరవై మూడుసార్లూ వెనక్కే.'

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా... 'ఓడిపోయిన రోజు మీరు సరిగా అన్నం తినడం లేదని అమ్మ చెప్పింది నాన్నా.'

ఆయనకి కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువ ఇంకేదో వచ్చింది. 'ముప్పై ఆరేళ్లు ఉద్యోగం చేశాను. గట్టు అరగజం జరపమని ఎంతమంది బతిమాలారో, ఎంతమంది బెదిరించారో నువ్వు కళ్లారా చూశావు. ఒక్క తప్పుడు కొలత రాయలేదు. ఇప్పుడు నా పుస్తకంలో నువ్వు తప్పుడు కొలతలు రాయించావు' అన్నారు. ఆట సగంలోనే ల్యాప్‌టాప్ మూసేశారు.

పెద్దవాళ్లని ఓడించకూడదనుకోవడంలో ప్రేమే ఉంటుంది. కాదనలేం. మనవలు తాతతో చదరంగం ఆడి మంత్రిని కావాలని పోగొట్టుకుంటారు. కోడళ్లు అత్తగారు చేసిన కూర బాగుందని రెండోసారి వడ్డించుకుంటారు. కానీ ఆ ప్రేమలో ఓ మాట దాగి ఉంటుంది... 'మీతో ఇక నిజంగా ఆడక్కర్లేదు' అని. అది వినిపించినప్పుడు తగిలే దెబ్బ ఓటమి కంటే పెద్దది.

పాపాల లోయలో

రెండు ఆదివారాలు ఆట లేదు. ఫోను అమ్మతోనే. మూడో ఆదివారం పొద్దున ఏడుకి పది నిమిషాల ముందు కొడుకే చేశాడు. 'సెయింట్ ఆండ్రూస్ పెట్టాను నాన్నా. పద్దెనిమిది హోల్స్. రండి. లెక్క రాసుకోండి.'

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో మొదటి గ్రీన్ ముందే స్విల్కన్ బర్న్ అని చిన్న వాగు. మన పంటకాలువంత ఉంటుంది. పిచ్ తగ్గిందా, బంతి నీళ్లలోకే. సర్వేయరు గారికి జెండా 24 గజాల్లో ఉంది. పిచ్ పెట్టుకుని, నూటికి ఎనభై దగ్గర వదిలారు. బంతి వాగు దాటి, జెండాకి రెండడుగుల్లో ఆగింది. కొడుకు కొట్టింది మూడడుగుల్లో ఆగింది. తగ్గించలేదు. ఆయన రాసుకున్నారు.

పదిహేడు హోల్స్ అయ్యేసరికి ఇద్దరూ సమానం. పద్దెనిమిదో గ్రీన్ ముందు ఎడమవైపు ఓ లోతైన పల్లం ఉంది. దాన్ని వ్యాలీ ఆఫ్ సిన్ అంటారు. పాపాల లోయ! బంతి గ్రీన్ మీదికి సరిగ్గా ఎక్కకపోతే వెనక్కి దొర్లి అందులోకి జారుతుంది. 1995 బ్రిటిష్ ఓపెన్‌లో ఇటలీ ఆటగాడు కోస్టాంటినో రొక్కాకి సరిగ్గా ఇక్కడే చెయ్యి తడబడింది. గ్రీన్ ముందునుంచి కొట్టిన పొట్టి దెబ్బ మరీ పొట్టిదై లోయలో పడింది. టైటిల్ చేజారిందని అందరూ అనుకున్నారు. ఆ పల్లంలోంచి అరవై అడుగులకి పైగా ఉన్న పట్ కొట్టి బంతిని గుంటలో వేశాడాయన. మోకాళ్ల మీద కూలబడి నేలని గుద్దుతూ ఏడ్చేశాడు. తర్వాత ప్లేఆఫ్‌లో జాన్ డేలీ చేతిలో ఓడిపోయాడనుకోండి. కానీ ఆ ఏడాది గెలిచినవాడితోపాటు రొక్కానీ జనం గుర్తుపెట్టుకున్నారు.

సర్వేయరు గారి పిచ్ ఒకటిన్నర గజం తగ్గింది. బంతి గ్రీన్ అంచు ఎక్కి, ఆలోచించి, వెనక్కి దొర్లి పాపాల లోయలోకి చేరింది.

అప్పుడు కొడుకు షాట్. ఎంతకీ కొట్టడు.

'ఏరా?'

'నాన్నా... ఆఫీసులో మా టీములో సగం మందిని తీసేశారు. వచ్చే నెల మా వంతు కావొచ్చు. మీకు చెప్పొద్దనుకున్నా.'

ఆయన నోటిదాకా చాలా మాటలొచ్చాయి. ముందే ఎందుకు చెప్పలేదు, అంత పెద్ద ఇల్లు ఎవరు కొనమన్నారు, అన్నీ సర్దుకుని వచ్చేయండి, మేమున్నాం కదా... నలభై ఏళ్ల కొడుకుతో మాట్లాడేటప్పుడు తండ్రుల మాటకి మీటరు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఈసారి ఆయన ఆగారు.

'ఏమైనా సరే, నాకు ఉన్నదున్నట్టు చెప్పు. నేను తట్టుకోగలను' అన్నారు. కాసేపాగి, 'నాకూ కుడి కన్ను శుక్లం ముదిరిందిట. వచ్చే వారం ఆపరేషన్. అమ్మ నీకు చెప్పొద్దంది' అన్నారు.

ఇద్దరూ నవ్వారో, నిట్టూర్చారో. అది దూరం నుంచి తేలే విషయం కాదు.

'కొట్టు. నీ షాటే' అన్నారాయన.

కొడుకు పిచ్ లోయ మీదుగా ఎగిరి, జెండా దాటి ఒక్క గజంలో ఆగింది. నాన్న రొక్కా లాగా పల్లంలోంచి పట్ కొట్టి చూశారు. పడలేదు. ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయారు. ఆ పూట అన్నం బాగానే తిన్నారని ఆవిడ సాక్ష్యం. రెండోసారి పప్పు కూడా వేయించుకున్నారట.

కన్ను ఆపరేషన్ అయింది. మీటరు గీత ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. కొడుకు ఉద్యోగం రెండు నెలలు ఊగిసలాడి, చివరికి పోయింది. ఇంకోటి దొరకడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లోనూ ఒక్క ఆదివారం ఆట మానలేదు. ఆట కంటే మాటలే ఎక్కువసేపు సాగేవి. ఎన్ని దరఖాస్తులు పెట్టాడో, ఎన్ని ఇంటర్వ్యూలు తప్పాయో, ఇంటి వాయిదా ఎలా కడుతున్నాడో... ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఈయన వినేవారు. అడిగితేనే సలహా చెప్పేవారు.

నోట్‌బుక్కులో పాత పేజీలు చింపలేదు. కొడుకు తగ్గించి కొట్టిన ఇరవై మూడు పిచ్‌ల చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన 'లెక్కలోకి రావు' అని రాశారు. ఆ ఆటల్లో తన గెలుపులనీ కొట్టేశారు. కొత్త లెక్క సెయింట్ ఆండ్రూస్ ఓటమితో మొదలవుతుంది. అప్పటినుంచి నలభై ఒక్క ఆటలాడితే ఆయన గెలిచినవి ఆరు. ఆ ఆరింటికీ ఎదురుగా తేదీ, కోర్సు పేరు, ఆఖరి పిచ్ ఎంత దూరమో, ఎక్కడ ఆగిందో అన్నీ ఉన్నాయి. కింద కొడుకు సంతకం పెట్టించుకోవాలట... ఈసారి సెలవులకి వచ్చినప్పుడు.